చాకు చేసిన సీమప్రయాణం

తెలివైన విద్యార్థిని చూచి తెలుగువారు "చాకులాంటి కుర్రాడు" అని మెచ్చుకొంటారు. ఆ మెప్పులో పదునూ ఉన్నది, చురుకూ ఉన్నది, అవసరానికి అక్కరకు వచ్చే గుణమూ ఉన్నది. అంత ఇంటిమాటగా మారిన ఈ చాకు మొదట మన మాట కాదు. తుర్కీ నుండి పారశీకానికి, అక్కడి నుండి ఉర్దూకు, ఉర్దూ నుండి తెలుగుకు నడచి వచ్చినది. మన కళాశాల సంచికను కుడివైపు నుండి తెరిచేవారికీ, ఎడమవైపు నుండి తెరిచేవారికీ సమానంగా అర్థమయ్యే కొద్ది మాటలలో ఇది ఒకటి. ఇన్ని దేశాల పొలిమేరలు దాటి వచ్చిన ఈ పదాన్ని ఎవరూ ఆపి సోదా చేయలేదు. పదానికి ఉన్న ఆ స్వేచ్ఛ వస్తువుకు లేదు. జేబులో ఇమిడే చిన్న చాకును వెంటబెట్టుకొని చట్టం తప్పకుండా పరదేశం వెళ్ళి రావటం ఎంత ఆలోచించవలసిన పనో నాకు 2025 వేసవిలో తెలిసివచ్చినది. ఏటేటా మన కళాశాల నుండి విదేశాలకు వెళ్ళే విద్యార్థుల సంఖ్య పెరుగుతున్నది కనుక, నేను తెలుసుకొన్న నాలుగు విషయాలు ఇక్కడ వ్రాయటం అనుచితం కాదనుకొంటాను.

ముందుగా ఆ చాకు సంగతి చెప్పాలి. అది మా అబ్బాజాన్‌ది. ఆయన కాతిబు, అనగా ఉర్దూ లేఖకులు. పెళ్ళి పత్రికలు, ముషాయిరాల ప్రకటనలు, దుకాణాల పేరు పలకలు, అప్పుడప్పుడు చిన్న పత్రికల పుటలు ఆయన చేతి వ్రాతతోనే వెలువడేవి. కంప్యూటరు మీద నస్తాలీఖు అక్షరాలు వచ్చిన తరువాత ఆ వృత్తి క్రమంగా సన్నగిల్లినది. ఆయన మాత్రం కలం విడువలేదు. ఉర్దూ లేఖకుని కలం రెల్లుతోనో సన్నని వెదురుతోనో చేసినది. దానిని చెక్కే చాకుకు ఉర్దూలో 'కలంతరాష్' అని పేరు, అంటే కలాన్ని చెక్కేది అని అర్థం. ఇంగ్లీషువారు చిన్న మడత చాకును పిలిచే 'పెన్‌నైఫ్' అన్న మాటలోనూ ఉన్నది ఆ కలమే. ఈకను చెక్కి కలంగా చేసుకొన్న రోజులలో ఆ చాకుకు ఆ పేరు వచ్చినది. మన తాటాకు లేఖకులు సైతం గంటంతోపాటు ఆకు అంచులు కోసుకొనేందుకు చిన్న కత్తిని దగ్గర ఉంచుకొనేవారు. కత్తికీ కలానికీ వైరమని మనం వక్తృత్వపు పోటీలలో తరచు వింటుంటాము. వ్రాతపని చేసేవారి ఇంట మాత్రం ఆ రెండూ ఒకే సంచిలో కాపురం చేసినవి.

అబ్బాజాన్ చాకు పిడి కొమ్ముతో చేసినది. చేతి రాపిడికి నునుపెక్కి తేనె రంగుకు తిరిగినది. అలుగు పొడవు సరిగ్గా రెండున్నర అంగుళాలు. తెరిచినప్పుడు 'టక్'మని బిగుసుకొంటుంది, వెనుకనున్న మీటను నొక్కితే తప్ప మడతపడదు. కలం మొనను ఏటవాలుగా కోసే ఆఖరి వేటును 'ఖత్' అంటారు. ఆ వేటు పడే సమయంలో అలుగు చేతి మీదికి మడతపడకుండా ఉండాలనే ఆయన ఇటువంటి చాకును ఎంచుకొన్నారు. ఖత్ ఎంత వెడల్పు ఉంటే చుక్క అంత వెడల్పు. ఆ చుక్కే అక్షరానికి కొలమానం. అలిఫ్ ఎన్ని చుక్కల ఎత్తు ఉండాలో, బే ఎన్ని చుక్కల పొడవు సాగాలో అన్నీ ఆ లెక్క ప్రకారమే. చాకు వేటు తప్పితే పుట మొత్తం తప్పుతుందని ఆయన అనేవారు.

ఆయన గతించిన తరువాత ఆ చాకు నా వద్ద ఉండిపోయినది. నేను శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయంలో తెలుగు ఎం.ఏ. చదివి తెలుగు పాఠాలు చెప్పుకొనేవాడిని. నస్తాలీఖు చదవగలను కాని, వ్రాయలేను. ఆ విద్య మా ఆపాకు అబ్బినది. ఆమె పెళ్ళయి ఇంగ్లండులోని లెస్టరు నగరంలో స్థిరపడినది. ప్రతి ఆదివారం అక్కడి పిల్లలకు ఉర్దూ అక్షరాలు నేర్పుతుంది. నేను వేసవి సెలవులలో వస్తున్నానని తెలిసి ఆమె కోరినది ఒక్కటే: "మామిడి పచ్చడి తేకపోయినా ఫరవాలేదు, అబ్బాజాన్ కలంతరాష్ మాత్రం తీసుకొని రా. ఇక్కడ కొన్న చాకులతో ఖత్ సరిగా పడటం లేదు." సోదరి కోరిక న్యాయమైనదే. కాని కోరిక న్యాయమైనంత మాత్రాన దారి సులువు కాదు.

చాకుతో సీమప్రయాణం చేసేవారు రెండు వేర్వేరు ద్వారాలు దాటవలసి ఉంటుంది. ఒకటి విమానపు ద్వారం, రెండవది దేశపు ద్వారం. ఒక ద్వారంలో చెల్లిన చీటీ మరొక ద్వారంలో చెల్లదు. చాలామంది ఈ భేదాన్ని పాటించక చిక్కులు తెచ్చుకొంటారు.

విమానపు సంగతి మొదట చూద్దాము. 2001 సెప్టెంబరు 11కు ముందు అమెరికా విమానాలలో నాలుగు అంగుళాలలోపు అలుగు ఉన్న చాకును ప్రయాణికుడు తన వెంట సీటు దాకా తీసుకొనిపోవచ్చును. ఆనాటి ఘోరం తరువాత ఆ వెసులుబాటు పోయినది. 2013లో అమెరికా రవాణా భద్రతా విభాగం చిన్న మడత చాకులను తిరిగి అనుమతిస్తామని ప్రకటించినది. విమాన సిబ్బంది తీవ్రంగా వ్యతిరేకించగా కొద్ది నెలలలోనే ఆ ప్రకటనను ఉపసంహరించుకొన్నది. ఐరోపా సమాఖ్య నిబంధనలు ఆరు సెంటీమీటర్లు మించిన అలుగును మాత్రమే ప్రయాణికుని గదిలోకి నిషేధిస్తున్నవి. కెనడా కూడా 2017 నవంబరు నుండి ఆరు సెంటీమీటర్ల దాకా అనుమతించినది, అమెరికాకు పోయే విమానాలకు తప్ప. మన దేశంలో చేతిసంచిలో చాకుకు చోటు లేదు. సిక్కు సోదరుల కృపాణానికి మాత్రం దేశీయ ప్రయాణాలలో మినహాయింపు ఉన్నది. దాని అలుగు ఆరు అంగుళాలకు, మొత్తం పొడవు తొమ్మిది అంగుళాలకు మించరాదని 2022లో పౌర విమానయాన భద్రతా సంస్థ స్పష్టం చేసినది.

దీనినిబట్టి తేలేది ఏమిటంటే, ఒక విమానాశ్రయంలో దాటినది మరొకదానిలో దాటకపోవచ్చు. జ్యూరిచ్‌లో ముచ్చటపడి కొన్న చిన్న చాకు అక్కడి తనిఖీ దాటి రావచ్చును. దారిలో విమానం మారే చోట మళ్ళీ తనిఖీ ఉంటుంది, ఆ దేశపు నియమం వేరుగా ఉంటే చాకు అక్కడే మిగిలిపోతుంది. కనుక అలుగు ఎంత చిన్నదైనా, విమానం అడుగున వేసే పెట్టెలో సర్దటమే క్షేమం. సర్దటంలోనూ ఒక మర్యాద ఉన్నది. పెట్టె తెరిచి చూచే ఉద్యోగి చేయి తెగకుండా అలుగును ఒరలోనో అట్టలోనో గట్టిగా చుట్టాలి. బాణాలతో మసీదులోకో బజారులోకో వెళ్ళేవారు ఇతరులకు గుచ్చుకోకుండా వాటి మొనలను చేతితో పట్టుకొని నడవాలని ప్రవక్త బోధించినట్లు హదీసులు చెబుతున్నవి. పద్నాలుగు వందల ఏళ్ళనాటి ఆ బోధకూ నేటి విమానయాన నియమానికీ వెనుకనున్న ఆలోచన ఒక్కటే: పదును నీది, దానివలన కలిగే ప్రమాదం ఎదుటివాడిది.

రెండవ ద్వారం మరింత ఇరుకైనది. విమానం దిగిన తరువాత ఆ దేశపు వీధిలో చాకుతో తిరగవచ్చునా అన్నది వేరే ప్రశ్న. ఈ ప్రశ్నకు సమాధానం వెదుకుతూ నేను అబ్బాజాన్ చాకును ఊహలో దేశదేశాలు త్రిప్పి చూచినాను. వస్తువు ఒకటే, అలుగు రెండున్నర అంగుళాలే. కాని దేశం మారినప్పుడల్లా దాని కులగోత్రాలు మారిపోయినవి.

మన దేశంలో 1959 ఆయుధాల చట్టం కింద 2016లో వచ్చిన నియమాలు తొమ్మిది అంగుళాలకు మించిన పొడవో, రెండు అంగుళాలకు మించిన వెడల్పో ఉన్న అలుగులను ఆయుధాల పట్టికలో చేర్చినవి. ఇంటిపనికి, సేద్యానికి, పరిశ్రమకు ఉద్దేశించిన వాటిని మినహాయించినవి. ఆ లెక్కన అబ్బాజాన్ చాకు ఇక్కడ కేవలం ఒక పనిముట్టు. జపానులో 1958 నాటి చట్టం ఆరు సెంటీమీటర్లు మించిన అలుగును తగిన కారణం లేక వెంట ఉంచుకోరాదన్నది. రెండున్నర అంగుళాలంటే ఆరు సెంటీమీటర్లకు మూడున్నర మిల్లీమీటర్లు ఎక్కువ. పోనీ అంతకంటె చిన్నదైతే నిశ్చింతగా ఉండవచ్చునా అంటే అదీ కాదు. కారణం లేకుండా దాచుకొని తిరిగితే 1948 నాటి చిన్న నేరాల చట్టం ఉన్నది. జర్మనీలో 2008 నుండి ఒంటిచేత్తో తెరువగలిగి తెరిచినప్పుడు బిగుసుకొనే కత్తులనూ, పన్నెండు సెంటీమీటర్లు మించిన మడవలేని కత్తులనూ తగిన అవసరం లేకుండా బహిరంగ స్థలాలలో ధరించరాదు. 2024 చివరి నుండి ఉత్సవాలలోనూ దూరప్రయాణపు రైళ్ళలోనూ చాకుల మీద మరింత విస్తృతమైన నిషేధం వచ్చినది. అమెరికాలో రాష్ట్రానికో చట్టం, నగరానికో నియమం. న్యూయార్కు నగరంలో బహిరంగ స్థలాలలో నాలుగు అంగుళాలు హద్దు. అక్కడి కేంద్ర ప్రభుత్వ భవనాలలో రెండున్నర అంగుళాలకంటె తక్కువ అలుగు ఉన్న జేబుచాకుకే మినహాయింపు. మన చాకు సరిగ్గా రెండున్నర కనుక 'తక్కువ' కాదు, ద్వారం బయట నిలవవలసినదే.

నేను వెళ్ళవలసినది ఇంగ్లండు. అక్కడ 1988 నాటి క్రిమినల్ జస్టిస్ చట్టం 139వ విభాగం ఈ విషయానికి మూలం. వాదర మూడు అంగుళాలు మించని మడత చాకును ఏ కారణమూ చెప్పకుండానే జేబులో ఉంచుకోవచ్చునని ఆ చట్టం చెబుతున్నది. ఆ వాక్యం చదివి నేను ఊపిరి పీల్చుకొన్నాను. తరువాతి పుటలో మెలిక కనిపించినది. తెరిచినప్పుడు బిగుసుకొని, మీట నొక్కితేగాని మడతపడని చాకు ఈ మినహాయింపు కిందికి రాదని అక్కడి ఉన్నత న్యాయస్థానం తీర్పు చెప్పినది. చేయి తెగకుండా అబ్బాజాన్ ఎంచుకొన్న ఆ 'టక్'మనే మీటే అక్కడ చాకును నేరపు గీత దగ్గరకు తెచ్చినది. అటువంటి చాకును కలిగి ఉండటం నేరం కాదు, ఇంట ఉంచుకోవటం నేరం కాదు. వీధిలో వెంట ఉంచుకోవాలంటే మాత్రం సహేతుకమైన కారణం ఉండాలి. కారణం ఉన్నదని నిరూపించుకొనే భారం చాకు కలిగిన వానిదే. వృత్తి, మతాచారం, జాతీయ వేషధారణ అన్న మూడింటిని చట్టమే పేర్కొన్నది. మరచిపోయి జేబులో వేసుకొన్నానన్న ఒక్కమాట మాత్రమే చాలదని న్యాయస్థానాలు అన్నవి. దోషిగా తేలితే నాలుగేళ్ళ దాకా జైలుశిక్ష పడవచ్చును.

ఈ చట్టాలన్నిటినీ చదివిన తరువాత నాకొకటి స్పష్టమైనది. అవన్నీ పైకి అంగుళాలనూ సెంటీమీటర్లనూ కొలుస్తున్నట్లు కనిపిస్తవి. లోతుగా చూస్తే అవి అడిగే ప్రశ్న వేరు: "ఇది నీ దగ్గర ఎందుకున్నది?" మన పెద్దలు 'నియ్యత్' అనే సంకల్పాన్నే అవి తమ భాషలో వెదుకుతున్నవి. సంకల్పం కంటికి కనబడదు కనుక అంగుళాల లెక్క పెట్టుకొన్నవి. సిక్కులు కృపాణం ధరించటం మతస్వాతంత్ర్యంలో భాగమని మన రాజ్యాంగం 25వ అధికరణం వివరణలోనే చెప్పినది. స్కాట్లండువారు తమ సంప్రదాయ దుస్తులతో మేజోడులో చిన్న కత్తి దోపుకొంటారు. ఒమాను దేశం ఖంజరును తన పతాకం మీదనే నిలుపుకొన్నది. హైదరాబాదు బార్కాస్‌లో స్థిరపడిన అరబ్బుల పూర్వికులు నిజాం కొలువులో నడుమున జంబియా దోపుకొని తిరిగినవారే. ఇవన్నీ గౌరవ చిహ్నాలుగా ఒక గుర్తింపు పొందినవి. జేబుచాకుకు అటువంటి వంశ గౌరవం లేదు. దాని గౌరవమంతా అది చేసే పనిలోనే ఉన్నది. ప్రపంచ ప్రఖ్యాతి పొందిన స్విట్జర్లాండ్ సైనికుల చాకు పుట్టినది కూడా యుద్ధం చేయటానికి కాదు. ఆహారపు డబ్బా తెరవటానికి, తుపాకి మరలు విప్పటానికి ఆ దేశపు సైన్యం దానిని కోరుకొన్నది. తమ దేశంలో అంత పని చేయగల కర్మాగారం లేక, 1891లో అందిన మొదటి చాకులను జర్మనీలోని జోలింగెన్ పట్టణంలో చేయించుకొన్నది.

ఆ జోలింగెన్ పేరే 2024 ఆగస్టు 23న మరొక విధంగా ప్రపంచమంతటా వినిపించినది. కత్తుల తయారీకి వందల ఏళ్ళుగా పేరుపొందిన ఆ పట్టణం తన 650వ వార్షికోత్సవం జరుపుకొంటుండగా ఒక దుండగుడు కత్తితో జనం మీద పడి ముగ్గురి ప్రాణాలు తీసినాడు. జర్మనీ కొత్త నిషేధాలకు ఆ ఘటనే కారణం. అంతకుముందు 2017 జూన్ 3న లండను వంతెన మీదా, ప్రక్కనున్న బజారులోనూ వాహనంతో, కత్తులతో జరిగిన దాడిలో ఎనిమిది మంది అమాయకులు మరణించినారు. ఈ రెండు చోట్లా హంతకులు మతం పేరు చెప్పుకొన్నవారే. ఆ పాపం వారిది. కాని దాని నీడ నావంటి పేరున్న ప్రతివాడి మీదా పడుతుంది. ఒకే చాకు రెండు జేబులలో ఉన్నప్పుడు ఒకరిని చూచి కొండలెక్కే విహారి అనుకొంటారు, మరొకరిని చూచి వేరే అనుకొంటారు. చట్టం అక్షరాలలో ఈ భేదం లేదు. చట్టాన్ని చదివే కళ్ళలో ఉండవచ్చును. దీనికి కోపగించి ప్రయోజనం లేదు, లేదని నటించటం వలనా ప్రయోజనం లేదు. ఎవరినైతే ముందుగా ప్రశ్నిస్తారో వారి వద్ద సమాధానం మరింత స్పష్టంగా ఉండాలి. ఇది న్యాయమా అంటే కాదనే చెబుతాను. అవసరమా అంటే అవునని చెప్పక తప్పదు.

కనుక నేను చాకును శుభ్రంగా తుడిచి, మడిచి, మందపు అట్టలో పెట్టి, గుడ్డతో చుట్టి, దారంతో బిగించినాను. దానితోపాటు రెండు రెల్లు కలాలు, అబ్బాజాన్ చేతివ్రాత ఉన్న ఒక పుట, ఇది ఎవరిది, ఎందుకు తెస్తున్నాను, ఎవరికి ఇస్తాను అని ఇంగ్లీషులో వ్రాసిన ఒక చీటీ అదే పొట్లంలో చేర్చినాను. దానిని పెట్టె అట్టడుగున ఉంచి తాళం వేసినాను. హైదరాబాదులో పెట్టెను అప్పగించి, లండనులో తిరిగి తీసుకొని, బస్సు అడుగున ఉండే అరలో వేయించి లెస్టరు చేరినాను. దారిలో ఎవరూ నన్ను ఏమీ అడగలేదు. పెట్టె తెరిచి పొట్లం విప్పేంత వరకు ఆ చీటీలోని వాక్యాలు నా మనస్సులో తిరుగుతూనే ఉన్నవి.

ఆపా ఆ చాకును అందుకొని చాలాసేపు పిడిని నిమురుతూ కూర్చున్నది. తరువాత తెరిచినది. ఆ 'టక్' శబ్దం వినగానే ఆమె కళ్ళు చెమర్చినవి. అదే శబ్దానికి పక్క గదిలో చదువుకొంటున్న మా మేనల్లుడు లేచి వచ్చినాడు. వాడికి పదిహేడేళ్ళు. వాడు పుట్టి పెరిగినది ఆ దేశంలోనే. చాకును చూచి వాడి ముఖంలో కనిపించినది ముచ్చట కాదు, కలవరం.

"మామూ, ఇది లాకు చాకు. మీరు బయటికి వెళ్ళేటప్పుడు జేబులో ఉండకూడదు" అన్నాడు మా ఇంటి ఉర్దూలో.

"తెలుసు బేటా, చదివే వచ్చినాను" అన్నాను.

"మీరు చదివినారు. మా బడికి పోలీసులు వచ్చి ఏటా చెబుతారు. నా స్నేహితుణ్ణి బస్టాపు దగ్గర ఆపి సంచి అంతా వెదికినారు. వాడి దగ్గర ఏమీ లేదు. అయినా ఆ రోజు వాడు తరగతిలో ఎవరితోనూ మాట్లాడలేదు."

ఆ దేశంలో 1994 నాటి చట్టం ప్రకారం ఒక పోలీసు ఉన్నతాధికారి ఏదైనా ప్రాంతానికి ఉత్తరువు జారీ చేస్తే, ప్రత్యేకమైన అనుమానం లేకపోయినా అక్కడ తిరిగేవారిని ఆపి సోదా చేయవచ్చును. కత్తిపోట్లకు కుర్రవాళ్ళు బలి అవుతున్న నగరాలలో ఈ అధికారం ప్రాణాలు కాపాడుతుందని కొందరంటారు, నల్లవారినీ మనవంటివారినీ ఎక్కువగా ఆపుతున్నారని మరికొందరంటారు. ఈ వాదం నేను పుస్తకాలలో చదివినదే. కాని పదిహేడేళ్ళ పిల్లవాడు తన తాతగారి కలంతరాష్‌ను చూచి ముందుగా పోలీసులను తలచుకోవటం చూచినప్పుడు ఆ వాదం మా ఇంటిలో కూర్చున్నట్లయినది. మా తరానికి చాకు అంటే అబ్బాజాన్ బల్ల మీది సరంజామా. వాడి తరానికి చాకు అంటే వార్తలలో వచ్చే ఒక శవం, లేక ఒక కేసు.

ఆపా ఆ చాకును ఆదివారం తరగతికి తీసుకొనిపోదామనుకొన్నది. పిల్లల కళ్ళ ఎదుట కలం చెక్కి చూపాలని ఆమె కోరిక. చట్టప్రకారం ఆమె వద్ద కారణం లేకపోలేదు. పాఠశాల ఆవరణలకు సంబంధించి 1996లో చేర్చిన నిబంధనలో విద్యాప్రయోజనం అన్న మినహాయింపు కూడా ఉన్నది. తరగతి నడిపే పెద్దలకు ముందుగా చెప్పి, లిఖితపూర్వకంగా అనుమతి పొందితే సరిపోవచ్చునని నేను అన్నాను. మేనల్లుడు కొంచెంసేపు ఆలోచించి, "అమ్మీ, పిల్లలకు కావలసింది కలమే కదా! కలాలు ఇక్కడే చెక్కండి. నేను ఫోనుతో చిత్రీకరిస్తాను. అక్కడ అది చూపించి కలాలు పంచండి. చాకు తాతగారి బల్ల మీద ఉన్నట్లే మన బల్ల మీద ఉంటుంది" అన్నాడు.

ఆపా నా వైపు చూచినది. నేను మారుమాటాడలేదు. కత్తికి ఉపయోగం తెలిసినవారిని మనం నేర్పరులంటాము. ఎప్పుడు దానిని ఇంట ఉంచాలో తెలిసినవాడిని ఏమనాలో ఆ రాత్రి నాకు తోచలేదు. శనివారం రాత్రి ఆపా పన్నెండు కలాలు చెక్కినది. ఒక్కొక్క ఖత్ పడినప్పుడు వాడు ఫోను పట్టుకొని ఊపిరి బిగబట్టి చూచినాడు. చివరి కలం తానే చెక్కుతానని అడిగినాడు. మొదటి వేటు వంకర పోయినది, రెండవది నిలిచినది. తాత ముఖం సరిగా ఎరుగని ఆ పిల్లవాని చేతిలో తాత చాకు 'టక్'మని మడతపడటం నేను విన్నాను. మరునాడు కలాలు బస్సెక్కినవి, చాకు ఇంట ఉన్నది.

లండనులో నాకు మరొక చిన్న అనుభవం కలిగినది. బ్రిటిష్ గ్రంథాలయంలో ప్రాచ్య లిఖిత ప్రతులు చూచేందుకు వెళ్ళినాను. పఠన మందిరంలోకి చాకు, కత్తెర వంటివి తేరాదన్నది అందరూ ఊహించే నియమమే. అక్కడ సిరా కలం కూడా నిషిద్ధం, పెన్సిలు మాత్రమే తేవచ్చును. సిరా బొట్టు పడితే ప్రాచీన ప్రతికి తీరని నష్టం గదా! కలం వలన గ్రంథానికి ప్రమాదం రావచ్చునని తలచేవారిని చూచి నేను నొచ్చుకోలేదు. నన్ను ఎవరూ అనుమానించినట్లూ అనిపించలేదు. కారణం స్పష్టంగా కనబడే నియమం అవమానంగా తోచదు. మనిషిని బట్టి మారని నియమం అసలే అవమానంగా తోచదు. చాకుల చట్టాలు కూడా ఆ గ్రంథాలయపు నియమంవలె అందరికీ ఒకేలా వర్తించిననాడు మా మేనల్లుని స్నేహితుడు తరగతిలో మౌనంగా కూర్చోవలసిన అవసరం ఉండదు.

విదేశాలకు వెళ్ళే విద్యార్థి మిత్రులకు నా మనవి ఇది. పండ్లు కోసుకోవటానికో, తాతల నాటి గుర్తుగానో చాకు తీసుకొనిపోవటం తప్పు కాదు. అయితే బయలుదేరే ముందు దాని అలుగును కొలవండి. అది బిగుసుకొనే చాకా, ఒంటిచేత్తో తెరుచుకొనేదా చూడండి. విమాన సంస్థ నియమం వేరుగా, దిగే దేశపు చట్టం వేరుగా, దారిలో పెట్టె తీసుకొని బయటికి రావలసిన దేశం ఉంటే దాని చట్టం వేరుగా తెలుసుకొండి. ఆయా ప్రభుత్వాల ప్రకటనలలోనే చదవండి, తెలిసినవారు చెప్పిన మాట మీద ఆధారపడకండి. నియమాలు ఏటికేడు మారుతున్నవి కనుక నిరుడు వెళ్ళివచ్చినవారి అనుభవం కూడా చాలదు. చేతిసంచిలో పెట్టకండి. ఆత్మరక్షణకు ఉంచుకొన్నామని అనుకోకండి. ఇంగ్లండు వంటి చోట అది మిమ్మల్ని రక్షించే కారణం కాదు, ముంచే కారణం. చాకు అవసరమైన పని ముగియగానే దానిని ఇంట పెట్టండి. అడుసు తొక్కనేల, కాలు కడుగనేల అన్న మన సామెత పరదేశంలో మరింత పనికివస్తుంది.

అన్నిటికంటె ముఖ్యం, "ఇది నీ దగ్గర ఎందుకున్నది?" అన్న ప్రశ్నకు ఒక్క వాక్యంలో నిజమైన సమాధానం చెప్పగలరో లేదో మీకు మీరే చూచుకొండి. చెప్పలేకపోతే అది ఎంత చిన్న చాకైనా వెంట ఉండవలసిన వస్తువు కాదు. చెప్పగలిగితే, అడిగేవాడు ఎవరైనా తల దించుకోవలసిన పని లేదు. మా ఇంటి చాకుకు ఆ ఒక్క వాక్యం ఉన్నది: ఇది కలం చెక్కటానికి. ఇప్పుడు ఆ వాక్యం చెప్పగలిగినవారు మా కుటుంబంలో మరొకరు పెరిగినారు.